ఇంట్లో పాత నీటి పైపులు మార్చడం ఎలా?

పాత ఇళ్లలో ఉంటున్నవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే. ట్యాంకు నిండుగా ఉన్నా స్నానాల గదిలో నీళ్లు సన్నగా వస్తున్నాయి, పొద్దున్నే కుళాయి తిప్పితే కాసేపు ఎర్రటి నీళ్లు వస్తున్నాయి, గోడ మీద చెమ్మ మచ్చ పెరుగుతోంది. పైపులన్నీ మార్చాలా, కారుతున్న చోట ముక్క వేయిస్తే సరిపోతుందా? ఇనుప పైపు లోపల తుప్పు పట్టిందని తేలిన తర్వాత ముక్కలు వేయించడం మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. పాత జాయింటు విప్పడానికి రెంచి బిగించి లాగితే, ఆ బలానికి గోడ లోపల రెండడుగుల దూరంలో ఉన్న మరో జాయింటు కదులుతుంది. ఈ రోజు ఒక చోట ఆగిన కారుడు వచ్చే నెలలో ఇంకో చోట మొదలవుతుంది.

అలాగని అనవసరంగా గోడలు పగలగొట్టించుకోకూడదు. కాబట్టి ముందు పరీక్షలు చేసుకొని, తర్వాతే పనిలోకి దిగండి.

ముందుగా తేల్చుకోవలసినవి

నీటి ధార ఒక్క కుళాయిలోనే తగ్గితే తప్పు పైపుది కాకపోవచ్చు. కుళాయి మూతి దగ్గర ఉండే జల్లెడ విప్పి, అందులో చేరిన ఇసుక, సున్నపు పొర కడిగి చూడండి. వేడి నీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే గీజర్‌నీ, దాని లైనునూ అనుమానించాలి. ఇల్లంతా ఒకే తీరుగా తగ్గితే ట్యాంకు దగ్గరి వాల్వును చూడాలి. పాత గేట్ వాల్వుల్లో కాడ తిరుగుతున్నా లోపలి పలక తెగిపోయి సగం మూసుకొని ఉండటం చాలా మామూలు.

ఇవన్నీ బాగుంటే బకెట్ పరీక్ష చేయండి. 10 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఒక్కో కుళాయి దగ్గర లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. పని పూర్తయ్యాక ఫలితం తేల్చేది ఈ కాగితమే.

పైపు ఏ రకమో తెలుసుకోవడానికి బయటికి కనిపించే చోట పైపొరను చాకుతో కొద్దిగా గీరి, అయస్కాంతం పెట్టి చూడండి. అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము, అంటే జి.ఐ. పైపు (జస్తా పూత పూసిన ఇనుప పైపు). గీరిన చోట ఎర్రగా మెరిస్తే రాగి. అయస్కాంతం అంటుకోకుండా, చాకుకు మెత్తగా తెగుతూ, గీత వెండిలా మెరిస్తే అది సీసం. సీసపు పైపు దొరికితే దానిలోని నీళ్లు తాగడం, వండటం ఆ రోజే ఆపేయండి. నీటిని మరిగిస్తే సీసం పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. సీసపు పైపును సగం కోసి సగం ఉంచడం కూడా ప్రమాదమే, ఎందుకంటే కోతకు కదిలిన పొరలు కొంతకాలం ఎక్కువ సీసాన్ని నీటిలోకి వదులుతాయి. దాన్ని చివరి అంగుళం దాకా తీసేయాలి.

జి.ఐ. పైపు లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి కళ్లారా చూస్తే సందేహం తీరిపోతుంది. నా ఇంట్లో వంటగది వెనక నుంచి తీసిన అరంగుళం పైపు ముక్కను అడ్డంగా కోయించి చూశాను. పైన జస్తా పూత ఇంకా బూడిద రంగులో మెరుస్తోంది. లోపల మాత్రం గోధుమ రంగు బుడిపెలు ఒకదాని మీద ఒకటి పేరుకొని, మధ్యలో పెన్సిలు మాత్రమే దూరేంత రంధ్రం మిగిలింది. వేలితో నొక్కితే పొర పొరలుగా రాలింది. 15 మిల్లీమీటర్ల రంధ్రం 7 మిల్లీమీటర్లకు తగ్గిందంటే నీరు పోయే జాగా నాలుగో వంతు కంటే తక్కువే మిగిలినట్టు. గరుకు గోడల రాపిడి వల్ల ప్రవాహం అంతకంటే ఇంకా పడిపోతుంది. అలాంటి పైపును యాసిడ్ పోసి శుభ్రం చేయించాలని ప్రయత్నించకండి. తుప్పుతో పాటు మిగిలిన పలచటి ఇనుము కూడా కరిగి, అంతకుముందు లేని చిల్లులు పడతాయి.

ఏ పైపు వేయాలి?

సి.పి.వి.సి. అనే ప్లాస్టిక్ పైపు చల్లటి నీటికీ వేడి నీటికీ పనికొస్తుంది, సాల్వెంట్ సిమెంటు అనే జిగురుతో అతుక్కుంటుంది, ఇంట్లో వేసుకోవడానికి సులువు. మామూలు పి.వి.సి., యు.పి.వి.సి. పైపులు చల్లటి నీటికే. 60 డిగ్రీల దగ్గరే అవి మెత్తబడతాయి కనుక గీజరు లైనులో ఒక్క అడుగు కూడా వాడకూడదు. పి.పి.ఆర్. అనే మరో రకం ప్లాస్టిక్ పైపులను యంత్రంతో 260 డిగ్రీల వేడి మీద కరిగించి అతుకుతారు. చేయి తిరిగినవారు చేస్తే ఆ జాయింటు పైపుతో ఏకమైపోతుంది, కానీ యంత్రం లేకుండా ఆ పని జరగదు. పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు వంగుతుంది కాబట్టి ఎల్బోలు (మలుపు ముక్కలు) తక్కువ పడతాయి, అయితే ఎండ తగిలితే పాడవుతుంది. రాగి మన్నికైనదే గాని, దాన్ని జి.ఐ.తో నేరుగా కలిపితే కలిసిన చోట ఇనుము వేగంగా తినేయబడుతుంది. వాటి మధ్య ఇన్సులేటెడ్ యూనియన్ (రెండు లోహాలూ తాకకుండా కలిపే జాయింటు) వేయాలి.

మొదటిసారి చేసుకునేవారికి నేను సి.పి.వి.సి. వేసుకోమనే చెబుతాను. కింది మెట్లు దానికే రాశాను.

సైజు విషయంలో పొదుపు చేయకండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే ప్రధాన లైను కనీసం అంగుళం, గదికి వెళ్లే కొమ్మ ముప్పావు అంగుళం, కుళాయి దగ్గరికి చేరే ముక్క మాత్రమే అరంగుళం ఉండాలి. ఒక సంగతి ముందే తెలుసుకోండి: 10 మీటర్ల నీటి ఎత్తు ఉంటేనే సుమారు 1 బారు ఒత్తిడి వస్తుంది. ట్యాంకు కుళాయికి 3 మీటర్ల ఎత్తులో మాత్రమే ఉంటే 0.3 బారు మించదు. కొత్త పైపు వేసినంత మాత్రాన ఆ లెక్క మారదు. పై అంతస్తులో షవర్ జోరుగా రావాలంటే ట్యాంకును ఎత్తులో పెట్టాలి, లేదా ప్రెషర్ పంపు వేయాలి.

కావలసినవి

- సి.పి.వి.సి. పైపులు, ఎల్బోలు, టీలు (మూడు దారుల ముక్కలు), కప్లింగులు (రెండు పైపులను కలిపే ముక్కలు), కుళాయి బిగించే చోట్లకు ఇత్తడి మరలున్న ఎల్బోలు
- సి.పి.వి.సి.కి తగిన సాల్వెంట్ సిమెంటు (ప్లంబర్లు సొల్యూషన్ అనేది దీన్నే), గడువు తేదీ చూసి తీసుకున్నది
- ప్రధాన లైనుకూ, ఒక్కో గదికీ ఒక్కో బాల్ వాల్వు, విప్పుకోవడానికి వీలుగా యూనియన్లు
- పైపు కట్టర్ లేదా సన్నపళ్ల హ్యాక్సా, అంచులు నునుపు చేసే ఆకురాయి
- రెండు పైపు రెంచిలు, టెఫ్లాన్ టేపు, క్లాంపులు, కొలత టేపు, మార్కర్
- డమ్మీ ప్లగ్గులు (పైపు చివర బిగించే మూతలు), ప్రెషర్ గేజి ఉన్న టెస్టు పంపు (అద్దెకు తెచ్చుకోవచ్చు)
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, గోడ కొట్టేటప్పుడు దుమ్ము ఆపే మాస్కు

పనికి ముందు ఒక హెచ్చరిక

చాలా పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగు ఇనుప నీటి పైపుకే కట్టి ఉంటుంది. ఆ పైపు తీసి ప్లాస్టిక్ వేస్తే ఇంటి మొత్తానికీ ఎర్తు పోతుంది, గీజరులో చిన్న లోపం వచ్చినా ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పైపు మీద చేయి వేయకముందే ఎలక్ట్రీషియన్ చేత చూపించి, అవసరమైతే విడిగా ఎర్తు గుంట తవ్వించండి. గోడ కొట్టే చోట వైర్లు వెళ్తున్నాయేమో కూడా అప్పుడే చూపించండి. పాత వేడి నీటి పైపులకు తెల్లటి పీచులాంటి చుట్టు ఉంటే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాన్ని చించకుండా, గీరకుండా తెలిసినవారిని పిలవండి.

పని చేసే విధానం

1. ఇంటి పటం గీయండి. ట్యాంకు, గదులు, ప్రతి కుళాయి, గీజరు, ఫ్లష్ ట్యాంకు గుర్తించి, లైను ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో గీసుకోండి. ఎల్బోలు ఎంత తక్కువగా ఉంటే ధార అంత బాగుంటుంది. ట్యాంకు నుంచి వచ్చే లైను పైకి లేచి మళ్లీ కిందికి దిగేలా గీయకండి. ఆ మలుపులో గాలి చిక్కుకొని నీళ్లు ఆగిపోతాయి.

2. కొత్త దారి ఎంచుకోండి. పాత పైపును గోడలోంచి పెకలించనవసరం లేదు. దాన్ని అక్కడే వదిలి, దాని పక్కనో బయటి గోడ మీదుగానో కొత్త లైను వేసి, ఆ తర్వాత పాతదాని రెండు చివరలూ డమ్మీలతో మూయడం తేలిక. ఇలా చేస్తే కొత్త లైను సిద్ధమయ్యే దాకా పాత లైనులో నీళ్లు వాడుకోవచ్చు. అయితే పాత లైను ఒక చివర నీటికి కలిసి, రెండో చివర మూసి మిగిలిపోకుండా చూసుకోండి. అందులో నిలిచిన నీరు కుళ్లి మంచి నీటిలో కలుస్తుంది.

3. గాడి కొట్టండి. గోడ బరువు మోసేదైతే నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదు. దూలాలనూ స్తంభాలనూ ముట్టుకోకండి. గాడి వెడల్పు పైపు కంటే రెండు వైపులా కొంత ఎక్కువగా ఉండాలి.

4. గీజరు స్విచ్చి ఆపి, ఫ్యూజు తీసి, ఆ తర్వాతే నీళ్లు ఖాళీ చేయండి. ప్రధాన వాల్వు మూసి, అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిచి లైను ఆరనివ్వండి.

5. పైపు కోయండి. కోత నిటారుగా ఉండాలి, వాలుగా ఉంటే సాకెట్‌లో (ఫిట్టింగులో పైపు దూరే చోట) కూర్చునే భాగం తగ్గిపోతుంది. కోసిన అంచు లోపలా బయటా ఉన్న పొట్టు తీసి, బయటి అంచును కొద్దిగా ఏటవాలుగా గీరండి. ఈ ఏటవాలు లేకపోతే పైపు లోపలికి దిగేటప్పుడు సొల్యూషన్‌ను ముందుకు నెట్టేసి జాయింటును పొడిగా వదిలేస్తుంది.

6. సొల్యూషన్ రాయకముందు ఉత్తగా అమర్చి చూడండి. పైపు సాకెట్ లోతులో మూడో వంతుకూ మూడింట రెండు వంతులకూ మధ్య బిగుసుకోవాలి. వదులుగా చివరిదాకా జారిపోతే ఆ ఫిట్టింగు పక్కన పెట్టండి. పైపు ఎంత లోతుకు పోవాలో మార్కరుతో గీత పెట్టుకోండి.

7. అతకండి. పైపునూ సాకెట్‌నూ పొడిగుడ్డతో తుడిచి, పైపుకు నిండుగా, సాకెట్ లోపల పలుచగా సొల్యూషన్ పూసి, అది తడిగా ఉండగానే పైపును దూర్చి పావు చుట్టు తిప్పుతూ గీత దాకా నెట్టండి. అర నిమిషం కదలకుండా పట్టుకోండి, లేకపోతే పైపు తనంతట తానే వెనక్కి జరుగుతుంది. సాకెట్ అంచు చుట్టూ సొల్యూషన్ తెగకుండా సన్నటి ఉంగరంలా కనబడితే జాయింటు బాగా కూర్చున్నట్టు. ఉంగరం ఎక్కడైనా తెగితే దాన్ని పై నుంచి పూసి సరిదిద్దాలని చూడకండి, కోసి కొత్తది వేయండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

8. మర జాయింట్లు బిగించండి. టెఫ్లాన్ టేపును మర బిగిసే దిశలోనే నాలుగైదు చుట్లు చుట్టండి. చేత్తో బిగించాక రెంచితో మరొక చుట్టు చాలు. ఇనుప పైపులకు వాడే జనపనార, పెయింటు సి.పి.వి.సి. మరలకు వాడకూడదు, అందులోని నూనె ప్లాస్టిక్‌ను పగుల్చుతుంది. కుళాయి దగ్గర ఉత్త ప్లాస్టిక్ మర వద్దు, అక్కడ ఇత్తడి మరల ఎల్బోనే వేయండి. గీజరు నుంచి వచ్చే మొదటి అడుగు లోహపు గొట్టంతో వేసి, ఆ తర్వాత సి.పి.వి.సి. కలపండి. వేడి నీటి కుళాయి ఎడమవైపు, చల్లనిది కుడివైపు రావాలి.

9. క్లాంపులు వేయండి. అడ్డంగా పోయే పైపుకు సుమారు మూడడుగులకొకటి కావాలి. క్లాంపు పైపును నొక్కకూడదు, పైపు అందులో జరగగలగాలి. సి.పి.వి.సి. వేడికి సాగుతుంది: 10 మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 25 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పొడవైన వేడి నీటి లైనును రెండు వైపులా సిమెంటుతో బిగిస్తే ఆ సాగుడంతా ఎల్బో మీద పడి అది చీలుతుంది. మధ్యలో ఒక వంపు ఇవ్వండి.

10. గోడ మూయకముందు ఒత్తిడి పరీక్ష చేయండి. ఈ మెట్టును దయచేసి వదలకండి. మేస్త్రీ ఎదురుచూస్తున్నాడని ఈ పరీక్ష దాటేసి టైల్స్ వేయించి, వారం తర్వాత వాటిని పగలగొట్టించినవారిని నేను చూశాను.

పరీక్ష చేసేది ఇలా. చివరి జాయింటు అతికిన తర్వాత కనీసం 24 గంటలు ఆగండి. డబ్బా మీద ఇంకా ఎక్కువ సమయం రాసి ఉంటే అదే పాటించండి. కుళాయిలకు బదులు డమ్మీలు బిగించి, గీజరును లైను నుంచి విడదీసి, అన్నిటికంటే ఎత్తున ఉన్న డమ్మీని వదులు చేసి, గాలంతా పోయి నీళ్లు వచ్చేదాకా మెల్లగా నింపండి. టెస్టు పంపుతో ఇంట్లో ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించండి. మీ ప్రెషర్ పంపు 3 బార్లు ఇస్తే 4.5 బార్లు ఎక్కించాలి. ప్లాస్టిక్ కొద్దిగా సాగుతుంది కాబట్టి మొదటి పది నిమిషాల్లో గేజి ముల్లు కొంచెం దిగడం సహజం. మళ్లీ ఎక్కించి గంటసేపు చూడండి. రెండోసారి కూడా దిగుతూనే ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం. ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం అద్దితే కంటికి కనబడని చెమ్మ కూడా తెలుస్తుంది. నీటికి బదులు గాలి ఎక్కించి పరీక్షించడం మాత్రం ఎన్నడూ చేయకండి. గాలి ఒత్తిడికి ప్లాస్టిక్ పగిలితే ముక్కలు తూటాల్లా ఎగురుతాయి.

టెస్టు పంపు దొరకకపోతే ప్రధాన వాల్వు పూర్తిగా తెరిచి, లైనును ఒక రాత్రంతా నిండుగా ఉంచి పొద్దున చూడండి. దీన్ని అసలు పరీక్షతో సమానంగా తీసుకోలేం గాని, ఏదీ చేయకపోవడం కంటే చాలా మేలు.

11. ఫోటోలు తీయండి. గాడిలో పైపు కనబడుతుండగా గోడకు కొలత టేపు ఆనించి, మూల నుంచి ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు అన్నది తెలిసేలా ప్రతి గోడనూ తీసి పెట్టుకోండి. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో అద్దం తగిలించడానికి కొట్టిన మేకు సరిగ్గా పైపులో దిగింది. ఫోటో ఒకటి ఉండి ఉంటే ఆ గోడ మళ్లీ తెరవాల్సి వచ్చేది కాదు.

12. గోడ మూసి, లైను కడగండి. కుళాయి మూతుల జల్లెడలు, షవర్ తల విప్పేసి నీళ్లు ధారాళంగా వదలండి. పొట్టు, ఇసుక, సొల్యూషన్ వాసన పోవాలి. తర్వాత క్లోరిన్ నీటితో శుద్ధి చేయాలి. వాసనలు, రంగులు కలపని 5 శాతం బ్లీచు ద్రావణం 1 లీటరును 1000 లీటర్ల ట్యాంకులో కలిపితే లీటరు నీటికి సుమారు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. నీటి శుద్ధి యంత్రం ఉంటే ముందే విడదీయండి, క్లోరిన్ దాని పొరను పాడు చేస్తుంది. ప్రతి కుళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి 24 గంటలు ఉంచండి. ఆ రోజంతా ఆ నీళ్లు ఎవరూ ముట్టుకోకూడదు, ఇంట్లో పిల్లలుంటే కుళాయిలకు గుడ్డ చుట్టండి. ఆ తర్వాత ట్యాంకు ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచి నీళ్లతో కడగండి. బ్లీచులో యాసిడ్ గాని, బాత్‌రూమ్ కడిగే ద్రావకాలు గాని కలిస్తే విషవాయువు వస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

గీజరు ఖాళీగా ఉండగానే స్విచ్చి వేయడం మొదటిది. వేడి నీటి కుళాయిలో గాలి లేకుండా నీళ్లు వచ్చాకే వేయాలి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది. సి.పి.వి.సి. జాయింటుకు పి.వి.సి. సొల్యూషన్ వాడటం రెండోది. అది చల్లటి నీటిలో కొన్నాళ్లు నిలిచినట్టే కనబడి వేడి తగిలాక వదిలేస్తుంది. బయటి గోడ మీది పైపును ఎండకు అలాగే వదిలేయడం కూడా చాలామంది చేసేదే, దానికి నీళ్లలో కలిపే రంగు రెండు పూతలు వేయాలి. ఇక వాల్వులను టైల్స్ వెనక దాచేయడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే పొరపాటు. అర్ధరాత్రి పైపు పగిలినప్పుడు ఇంట్లో ఎవరైనా, చీకట్లోనైనా, చేయి చాపి మూయగలిగే చోట వాల్వు ఉండాలి.

ఇంటి మొత్తాన్నీ ఒకేసారి చేయించలేనివారు ముందు ట్యాంకు నుంచి ప్రధాన లైను మార్చి, ఒక్కో గదికి టీ, బాల్ వాల్వు పెట్టి ఉంచుకోండి. తర్వాత వీలైనప్పుడు ఒక్కో గదిని కలుపుకోవచ్చు. గదులు ముందు మార్చి ప్రధాన లైను తర్వాత మారిస్తే, పాత పైపులోంచి రాలిన తుప్పు కొత్త మిక్సర్ కుళాయిల్లోకి చేరుతుంది.

ఫలితం సరిగ్గా ఉందా?

అన్ని కుళాయిలూ కట్టేసి, నీటి మీటరు అంకె రాసుకొని రెండు గంటల తర్వాత చూడండి. మీటరు లేకపోతే ట్యాంకుకు నీళ్లు వచ్చే దారి మూసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టి పొద్దున చూడండి. మట్టం దిగితే ముందు ఫ్లష్ ట్యాంకులను అనుమానించండి, వాటి లోపలి వాల్వు కారుతున్నా శబ్దం రాదు. తర్వాత మొదట్లో రాసుకున్న కాగితం తీసి అవే కుళాయిల దగ్గర అదే బకెట్‌తో సెకన్లు లెక్కపెట్టండి. ఒకే గదిలో ధార పెరగకపోతే ఆ కొమ్మ వాల్వు సగం మూసి ఉందేమో, జల్లెడలో పొట్టు చిక్కిందేమో చూడండి. రెండు కుళాయిలు కలిపి తెరిచినప్పుడు ఒకటి బాగా తగ్గిపోతుంటే ఆ గది కొమ్మ సన్నదైనట్టు.

నెల తర్వాత మీటరు పరీక్ష మరోసారి చేసి, అదే రోజు ఇంట్లోని వాల్వులన్నీ ఒక్కసారి మూసి తెరవండి.